కుడి ముంజేతి పుట్టుమచ్చ

శ్యామలకు పెళ్లయి అరవై నాలుగు రోజులైంది. రోజులు లెక్కపెట్టడం ఇక చాలని భర్త సంపత్ ఎన్నిసార్లు నవ్వినా ఆమె మానలేదు. గోదావరిఖనిలోని ఆ రెండు గదుల కంపెనీ క్వార్టర్‌లో ఆమెకు అన్నీ వింతే, అన్నీ ఇష్టమే. పొద్దున్నే సైరన్‌కు లేవడం, వంటింటి కిటికీలోంచి చెయ్యి చాపితే మునగాకు అందడం, పుట్టింటివాళ్లు పెట్టిన కొత్త కుక్కర్ కూత వేసినప్పుడల్లా అత్త సత్తవ్వ ఉలిక్కిపడి దాన్ని తిట్టడం, మోటార్ల వైండింగ్ దుకాణానికి బయల్దేరిన సంపత్ గేటు దాటాక ఒకసారి వెనక్కి తిరిగి చూడటం. సిరిసిల్లలో మరమగ్గాల చప్పుడు మధ్య పెరిగిన పిల్లకు ఇక్కడ మధ్యాహ్నపు నిశ్శబ్దం కూడా ఒక కానుకలాగే అనిపించేది.

మామ ఎల్లేశం అంటే ఆమెకు మరీ ఇష్టం. ముప్పై ఆరేళ్లు బొగ్గుబావిలో పనిచేసిన మనిషి. మోకాళ్లు అరిగిపోయి ఇక బావిలోకి దిగలేడని కంపెనీ వైద్యులు తేల్చాక ఎనిమిది నెలలుగా ఇంట్లోనే ఉంటున్నాడు. ఎండాకాలం మొదలైనప్పటి నుంచి రోజు విడిచి రోజు చౌరస్తా దాకా కుంటుకుంటూ వెళ్లి, కోడలి కోసం తాటిముంజలు తెచ్చేవాడు. తొక్క తీసి ఇచ్చే పని కూడా తనదే. తీరా తినబోతే మొదటిది నాకు, రెండోది నీకు అని సత్తవ్వ వంతులు వేసేది.

ఆ రోజు పొద్దున్న కూడా ముంజల పనే. వరండాలో పీట వేసుకుని ఎల్లేశం ముంజలు ఒలుస్తున్నాడు. తొమ్మిదింటికే ఎండ చురచురలాడుతోంది. నీళ్లు మణికట్టు మీదుగా మోచేతి దాకా కారుతున్నా ఆయన చొక్కా చేతులు మడవలేదు. మే నెలలో గోదావరిఖనిలో నిండు చేతుల చొక్కా వేసుకుని, మణికట్టు దగ్గర గుండీ కూడా పెట్టుకునే మనిషి ఆ వాడ మొత్తానికి ఆయనొక్కడే. బావిలో పనిచేసినవాళ్లకు అలవాటేమో అని శ్యామల మొదట్లో అనుకుంది. కానీ బట్టలు ఉతికేటప్పుడు ఆయన చొక్కా కుడిచేతి అంచు మీద గోధుమరంగు మరక కనబడటం అప్పటికి మూడోసారి. దోమ కుట్టి గోక్కున్నడు లే అని అత్త తేలిగ్గా తీసిపారేసింది.

గుండీ దారం అప్పటికే వదులుగా ఉంది. ముంజను గట్టిగా నొక్కేసరికి అది తెగి పళ్లెంలో పడింది. చొక్కా చెయ్యి జారింది. శ్యామల చూసింది.

కుడి ముంజేతి మీద, మణికట్టుకు నాలుగు వేళ్ల పైన, బఠాణీ గింజంత నల్లటి మచ్చ. గుండ్రంగా లేదు. ఒక పక్క చిరిగిన కాగితంలా అంచు వంకరలు తిరిగింది. నడుమ కాటుక నలుపు, పక్కన ఇటుక రంగు, ఒక మూల బూడిద రంగు. పైన సన్నటి పొక్కు.

"మామా, అదేంది?"

"పుట్టుమచ్చ బిడ్డా. పుట్టినప్పటి సంది ఉన్నది," అంటూ ఆయన చొక్కా కిందికి లాక్కున్నాడు.

"పుట్టినప్పటి సంది గిట్లనే ఉన్నదా?"

ఎల్లేశం ఇంకో ముంజ తీసి ఆమె చేతిలో పెట్టి, ఇది మస్తు లేతగున్నది తిను అన్నాడు. శ్యామల ఆ ముంజను పళ్లెంలోనే పెట్టేసింది.

పుట్టుమచ్చల సంగతి ఆమెకు కొంచెం తెలుసు. ఆమె మెడ మీద, ఎడమ చెవి కింద చిన్న నల్లటి మచ్చ ఉంది. పదో తరగతి మెమోలో గుర్తింపు చిహ్నాల కింద మొదట రాసింది దాన్నే. పెళ్లికి ముందు తల్లి అది తీయించాలని పట్టుబట్టి కరీంనగర్‌లో చర్మవైద్యురాలు జ్యోతిరాణి దగ్గరికి తీసుకెళ్లింది. మచ్చ తీసేస్తే మెమో చెల్లదేమోనని తమ్ముడు దారంతా ఏడిపించాడు. డాక్టరమ్మ భూతద్దం లాంటి దీపంతో దాన్ని తిప్పి తిప్పి చూసి, తీయను పొమ్మంది. గుండ్రంగా ఉంది, ఒకటే రంగుంది, పదేళ్లుగా పెరగలేదు, దాని జోలికెందుకు అంది. అలా అంటూనే ఏ మచ్చను ఊరికే వదలకూడదో కూడా చెప్పింది. సగం ఒకలా సగం ఒకలా ఉంటే, అంచులు గజిబిజిగా ఉంటే, రంగులు కలిస్తే, పెరుగుతుంటే, దురదపెట్టినా రక్తం వచ్చినా ఆలస్యం చేయొద్దంది. చివరికి ఒకే మాటగా, మారనిదాన్ని ముట్టుకోవద్దు, మారేదాన్ని వదలొద్దు అంది. పెళ్లయ్యాక ఆ మెడ మీది మచ్చను సంపత్ ఎంత ముద్దు చేశాడో తలచుకుని, డాక్టరమ్మకు శ్యామల మనసులో ఎన్ని దండాలు పెట్టిందో లెక్కలేదు.

ఇప్పుడా మాటే గుండెల్లో గంటలా మోగుతోంది. మామ మచ్చ మారిందా, మొదటి నుంచీ అంతేనా? అడిగితే ఆయన చెప్పడు. అత్తకు తెలియదు.

సమాధానం టీవీ పైన గోడకు వేలాడుతూ దొరికింది. దుమ్ము దులుపుతూ ఆ చిన్న ఫ్రేము చేతిలోకి తీసుకుంది శ్యామల. బాసరలో సంపత్ అక్షరాభ్యాసం ఫోటో. గుండు చేయించిన నాలుగేళ్ల పిల్లవాడు పళ్లెంలో బియ్యం ముందు బిక్కమొహం వేసుకుని కూర్చున్నాడు. వెనక నుంచి తండ్రి వంగి, వాడి కుడిచేతిని తన కుడిచేత్తో పట్టుకుని దిద్దిస్తున్నాడు. చొక్కా చేతులు మోచేతి దాకా మడిచి ఉన్నాయి. ముంజేతి మీద, మణికట్టుకు నాలుగు వేళ్ల పైన, పెసరగింజంత కూడా లేని గుండ్రటి చుక్క. పెన్నుతో పెట్టినట్టుంది.

ఆమె ఆ చుక్క పక్కన గోరు పెట్టి కొలిచి చూసుకుంది.

సాయంత్రం సంపత్ రోజూలాగే స్కూటర్ మీద గోదావరి వంతెన దాకా తీసుకెళ్లాడు. దారిలో మిరపకాయ బజ్జీలు కట్టించుకోవడం, వంతెన మీద గాలికి కొంగు ఎగరడం, కిందున్న నీళ్లల్లో పొద్దు మునగడం శ్యామలకు రోజు మొత్తంలో అన్నిటికన్నా ఇష్టమైన అరగంట. ఆ రోజు బజ్జీల పొట్లం విప్పకుండానే మచ్చ సంగతి చెప్పింది. రేపే డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోదామంది.

సంపత్ రెండు చేతులూ వంతెన గోడ మీద పెట్టి నీళ్లల్లోకి చూశాడు. తర్వాత నెమ్మదిగా ఆమెకు పెళ్లిలో ఎవరూ చెప్పని కథ చెప్పాడు.

బొగ్గుబావి ఉద్యోగం కంపెనీ నుంచి వచ్చింది ఎల్లేశానికి కాదు, ఆయన అన్న రాయమల్లుకు. రాయమల్లు మొదటి రోజే బావి నోటిదాకా వెళ్లి, లోపలి చీకటి చూసి, వచ్చిన దారినే వెనక్కి తిరిగాడు. మళ్లీ మహారాష్ట్రలోని భీవండి మగ్గాల దగ్గరే తేలాడు. వచ్చిన పిలుపు పాడైపోతుందని ఇంటి పెద్దలు ఇరవై ఏళ్ల తమ్ముణ్ని పంపారు. ఇంట్లో ఒక పేరు, బావిలో ఒక పేరు ఉండటం ఆ రోజుల్లో ఈ ప్రాంతంలో కొత్తేం కాదు. అలా గాజుల ఎల్లేశం కంపెనీ పుస్తకంలో గాజుల రాయమల్లు అయ్యాడు. జీతం చీటీ, బ్యాంకు పుస్తకం, చివరికి ఆధార్ కూడా అదే పేరు మీద. అన్న పన్నెండేళ్ల కిందట భీవండిలోనే పోయాడు. ఒంట్లో బాగాలేని కార్మికుడి ఉద్యోగం కొడుక్కి వస్తుంది, కానీ సంపత్ మెమోలో తండ్రి పేరు ఎల్లేశం అని ఉంది. ఆ ఎల్లేశం, ఈ రాయమల్లు ఒకరేనని విచారణలో తేలాలి. విచారణ తేదీ ఇప్పటికి నాలుగుసార్లు మారింది.

"మరి మచ్చకూ దీనికీ ఏం సంబంధం?" అంది శ్యామల.

కంపెనీ పుస్తకంలో గుర్తింపు చిహ్నం కింద ఒకటే రాసి ఉందట. కుడి ముంజేతి మీద పుట్టుమచ్చ. తండ్రికి పక్క క్వార్టర్ బాలమల్లు అదే పనిగా చెబుతుంటాడట, పేరు నీది కాదు, మచ్చ ఒక్కటే నీది, దాన్ని ప్రాణంలా చూసుకోమని. కంపెనీ దవాఖానాలో చూపిస్తే మచ్చ తీసేస్తారని, అది కాగితాలకెక్కుతుందని బాపు భయం. అందుకే ఎవరికీ కనబడకుండా నిండు చేతులు.

శ్యామలకు అంతా అర్థమైంది. ఒక్కటి తప్ప.

"నీకెప్పుడు తెలుసు? అది పెరుగుతున్నదని."

సంపత్ చూపు నీళ్ల మీదే ఉంది. "ఆరు నెలలైతుంది. బాపే చూపెట్టిండు. విచారణ అయ్యేదాకా ఆగుదాం అన్నడు. నేను సరే అన్న."

బజ్జీల పొట్లం వంతెన గోడ మీద పెట్టి శ్యామల నడవడం మొదలుపెట్టింది. సంపత్ స్కూటర్‌ను నెట్టుకుంటూ వెనకాలే వచ్చాడు. ఎక్కమని బతిమాలాడు. ఆమె ఎక్కలేదు. అరవై నాలుగు రోజుల్లో మొదటిసారి ఆ మనిషి ముఖం చూడబుద్ధి కాలేదు ఆమెకు. కిలోమీటరు నడిచాక చెప్పు తెగింది. దాన్ని చేత్తో పట్టుకుని మరీ నడిచింది గానీ స్కూటర్ వైపు చూడలేదు.

మరునాడు పొద్దున్న చాయ్ గ్లాసులు పెట్టాల్సిన చోట శ్యామల బాసర ఫోటోను పెట్టింది. తలస్నానం చేసి, చీరకట్టుకుని, చేతిసంచీ సర్దుకుని నిలబడింది.

"మామా, ఎనిమిదింటికి కరీంనగర్ బస్సున్నది. మనం పోతున్నం," అంది.

ఎల్లేశం ఫోటో చూశాడు, కోడలిని చూశాడు, కొడుకును చూశాడు. చెప్పేశావన్నమాట అన్నట్టు సంపత్ వైపు ఒక చూపు విసిరి, తాను ఎక్కడికీ రానన్నాడు. విచారణ అయిన తెల్లారే తనే నడిచి వస్తానన్నాడు. సత్తవ్వకు ఇదంతా ఏమిటో అర్థం కాలేదు. శ్యామల మామను అడగకుండానే ఆయన చొక్కా చెయ్యి పైకి తోసి చూపించింది. సత్తవ్వ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ముప్పై ఏళ్ల కాపురంలో తాను పరీక్షగా చూడని మచ్చను కొత్తగా వచ్చిన కోడలు చూపించడం ఆమెకు నచ్చలేదు. ఆ కోపం కోడలి మీదికే మళ్లింది.

"నువ్వు వచ్చి మూడు నెలలు గాలే. మగోళ్లు ఆలోచన చేసుకున్నంక నడుమ నీదేం పెత్తనం? పుట్టుమచ్చ కోస్తే ప్రాణానికి మంచిదిగాదంటరు."

"కోయకుంటే మంచిదిగాదని డాక్టరమ్మ చెప్పింది అత్తమ్మా. అన్ని మచ్చలను గాదు. గిట్ల మారేదాన్ని. నా మెడ మీదిది కోయనన్నది ఆమెనే."

ఎల్లేశం గొంతు పెంచాడు. ఆ ఇంట్లో ఆయన గొంతు పెరగడం శ్యామల అదే మొదటిసారి వినడం.

"గా మచ్చ లేకుంటే నేనెవరిని బిడ్డా? నా పేరు నాది గాదు. నా సంతకం నాది గాదు. ముప్పై ఆరేండ్లు మా అన్న పేరుకు పలికిన. రేపు సార్ల ముంగట నిలబడి నేనే నేను అని దేంతోని చెప్పాలె? వీని నౌకరి దీని మీదున్నది. నా పాణం పోతే పోనీ."

"మీ పాణం పోతే మచ్చ ఉంటదా మామా?" శ్యామల కూడా తగ్గలేదు. "అది కూడ మీతోనే పోతది. అప్పుడు సార్లకు ఏం చూపెడతరు?"

వంటింట్లో కుక్కర్ కూత వేసింది. ఈసారి సత్తవ్వ ఉలిక్కిపడలేదు.

శ్యామల ఫోటో తీసి భర్త చేతిలో పెట్టింది. "చూడు బావా. నీకు ఓనమాలు దిద్దిచ్చిన చెయ్యిది. అప్పుడు ఆ మచ్చ ఎంతున్నది, ఇప్పుడెంతున్నది? దాన్ని పెంచి పెంచి నువ్వు నౌకరి తెచ్చుకుంటవా? గా జీతంతోని వండిన అన్నం నేను ముట్ట. ఇగ నువ్వు రాకున్నా సరే, మామను నేను తీసుకపోత."

సంపత్ ఫోటో వైపు చాలాసేపు చూశాడు. బియ్యంలో తన చిన్న వేలు, దాని మీద నల్లబడిన తండ్రి వేలు. ఆ ఫోటో ఇరవై రెండేళ్లుగా గోడ మీదే ఉంది. దాంట్లో ఎప్పుడూ తన గుండునే చూసి నవ్వుకున్నాడు గానీ ఆ చేతిని చూడలేదు. తాను సరే అన్న ఆ రోజు బాపు ముఖంలో ఒక్క క్షణం కనబడిందేమిటో అతనికిప్పుడు తెలిసింది. ఆగొద్దని కొడుకు అంటాడేమోనని ఎదురుచూశాడు ఆయన.

"బాపూ, నాకు గా నౌకరి వద్దు," అన్నాడు. "మోటార్లు చుట్టుకుంట బతుకుత. నేను ఆనాడే అనాల్సిన మాటిది. అనలే. తప్పయింది."

"నువ్వు వద్దంటే అయిపోతదా?" అన్నాడు ఎల్లేశం. కానీ ఆ మాటలో పట్టు లేదు.

అప్పటిదాకా గోడకు ఆనుకుని నిలబడ్డ సత్తవ్వ ముందుకొచ్చింది. ఈ గొడవకంతటికీ మొదలు తానేనని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. సంపత్‌ను బడిలో వేసేటప్పుడు కంపెనీ పుస్తకంలోని పేరే రాయించమని ఎల్లేశం చెప్పి పంపితే, పంతులు ముందు నిలబడి తండ్రి పేరు ఎల్లేశం అని రాయించింది ఆమే. ఆ ఒక్క మాటకు ఇన్నేళ్లుగా మాటలు పడుతూనే ఉంది.

"బావ పేరును నా కొడుక్కు తండ్రిగ రాయిస్తనా అని ఆనాడు కొట్లాడిన," అంది భర్తతో. "అందరు నన్ను తిట్టిన్రు. నువ్వు గూడ తిట్టినవు. ఆనాడు నీ పేరు కోసం నేను కొట్లాడితి. ఇయ్యాల నీ పాణం కోసం గీ పిల్ల కొట్లాడుతున్నది. మా ఇద్దరి మాట గాదని నువ్వు ఎవని మాట వింటవు? బాలమల్లు మాటనా?"

ఆమె లోపలికి వెళ్లి, ఇస్త్రీ చొక్కా తెచ్చి భర్త ఒళ్లో పడేసింది. శ్యామల వైపు చూడకుండానే, దారిలో తినడానికి ఏమన్నా కట్టుకున్నవా అని అడిగింది. శ్యామల లేదంది. ఏం కోడలివి నువ్వు అని గొణుక్కుంటూ సత్తవ్వ పొద్దున కాల్చిన సర్వపిండి మూటగట్టింది. నాలుగు మూటలు కట్టింది. నలుగురూ బయల్దేరారు.

కరీంనగర్ క్లినిక్‌లో బల్ల వెనక కూర్చున్న అమ్మాయి పేరు అడిగింది.

ఎల్లేశం నోరు తెరిచి ఆగిపోయాడు. జేబులో ఆధార్ కార్డు మీద చెయ్యి పెట్టాడు. ఆ పేరు అలవాటుగా నాలుక చివరకు వచ్చింది. వెనక్కి తిరిగి సత్తవ్వను చూశాడు. సత్తవ్వ ఆయన వైపే చూస్తోంది.

"ఎల్లేశం," అన్నాడాయన. "గాజుల ఎల్లేశం."

అమ్మాయి రాసుకుంది. కార్డు అడగలేదు. వయసు అడిగింది.

డాక్టర్ జ్యోతిరాణి ఆయన చొక్కా విప్పించి వీపు, ఛాతీ, పాదాలు, అరికాళ్లు, గోళ్లు అన్నీ దీపంతో చూసింది. ఆయన ఒంటి మీద పెద్దవీ చిన్నవీ తొమ్మిది పుట్టుమచ్చలు తేలాయి. ముంజేతి దగ్గర మాత్రం చాలాసేపు ఆగింది. పాత ఫోటోను, చేతిని మార్చి మార్చి చూసింది. ఈ ఫోటో తెచ్చి మంచి పని చేశారంది. ఇది మామూలు మచ్చల తీరులో లేదు, మారింది కాబట్టి మొత్తం తీసి పరీక్షకు పంపాలి, అప్పటిదాకా అది ఏమిటో తాను చెప్పలేనంది. గీకడం, కాల్చడం, పైపైన చెక్కడం వద్దంది. అలా చేస్తే లోపల ఏముందో పరీక్షలో తేలదట.

ఇంత దూరం వచ్చినం గదా, మిగిలిన ఎనిమిదీ కూడా తీసేయమన్నాడు ఎల్లేశం. మొండికేసిన మనిషి ఒప్పుకున్నాక అంతే ఉంటుంది. డాక్టరమ్మ నవ్వింది.

"అవేం తప్పు చేసినయి? వాటి తీరున వాటిని ఉండనియ్యండి. కన్నేసి ఉంచండి, చాలు. ఏదన్నా మారితే అప్పుడు రండి."

చేతికి మత్తు ఇచ్చి తీయడానికి అరగంట కూడా పట్టలేదు. మచ్చను ఒక చిన్న సీసాలో వేసి, నర్సు దాని మీద కాగితం అంటించింది. ఎల్లేశం చూపు ఆ సీసా మీదే ఉంది. ఏం రాశావని అడిగాడు. నర్సు చదివింది. గాజుల ఎల్లేశం, యాభై ఆరేళ్లు, కుడి ముంజేయి.

"జర ఇంకోపారి చదువు బిడ్డా."

నర్సు మళ్లీ చదివింది. నొప్పి పెడుతుందా అని అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. కుడిచెయ్యి కదపకూడదు కాబట్టి ఎడమచేత్తో కళ్లు తుడుచుకున్నాడు. తలుపు సందులోంచి చూస్తున్న సంపత్ అక్కడ ఉండలేక వరండాలోకి వచ్చేశాడు. శ్యామల వెనకాలే వచ్చింది. ఆమె ఇంకా అతనితో మాట్లాడటం మొదలుపెట్టలేదు. సంచీలోంచి సర్వపిండి ముక్క తీసి అతని చేతిలో పెట్టింది. అతను దాన్ని రెండుగా విరిచి సగం ఆమెకిచ్చాడు. ఆమె తీసుకుంది.

పరీక్ష ఫలితానికి పన్నెండు రోజులు పట్టింది. ఆ పన్నెండు రోజులూ సత్తవ్వ కుక్కర్‌ను తిట్టలేదు. శ్యామల రోజుల లెక్క తప్పింది. ఎవరూ ముంజలు తేలేదు. పదమూడో రోజు డాక్టరమ్మ నలుగురినీ కూర్చోబెట్టి చెప్పింది. మచ్చ లోపలి కణాలు బాగా దారి తప్పి ఉన్నాయి, కానీ ఇంకా క్యాన్సర్ కాలేదు. అంచుల వరకూ శుభ్రంగా వచ్చేసింది. ఆర్నెల్లకోసారి వచ్చి ఒళ్లంతా చూపించుకోవాలి. ఇంకో ఏడాది ఆగి ఉంటే ఏం చెప్పేదాన్నో నాకు తెలియదంది. ఎల్లేశం అడగ్గా, మచ్చ ఎక్కడ ఉండేదో, ఎందుకు తీశారో, ఏ రోజు తీశారో అన్నీ రాసి సంతకం చేసి ముద్ర వేసి ఇచ్చింది.

విచారణ ఐదోసారి ఇచ్చిన తేదీకి నిజంగానే జరిగింది, జులైలో. ఆ పొద్దున్న ఎల్లేశం నిండు చేతుల చొక్కా దండెం మీదే వదిలేసి, పొట్టి చేతుల చొక్కా వేసుకున్నాడు. ముంజేతి మీద వేలెడు పొడవున లేత రంగు గీత మెరుస్తోంది. బాలమల్లు గేటు దగ్గరికి వచ్చి అది చూసి తలపట్టుకున్నాడు. "కొంప ముంచుకున్నవు అన్నా," అన్నాడు. ఎల్లేశం చెయ్యి ఇంకొంచెం పైకెత్తి చూపించాడు.

కార్యాలయంలో అధికారి పుస్తకం తెరిచి, కుడి ముంజేతి మీద పుట్టుమచ్చ అని చదివి, చూపించమన్నాడు.

ఎల్లేశం బల్ల మీద చెయ్యి పెట్టాడు. "తీయించిన సారూ."

"విచారణకు ముందెందుకు తీయించుకున్నవ్?"

"మీరు నాలుగుసార్లు తారీఖు మార్చిన్రు సారూ. మచ్చ తారీఖు మార్చదట. డాక్టరమ్మ చెప్పింది." ఆయన గొంతులో వినయమూ లేదు, పొగరూ లేదు. "మీ పుస్తకంల ఉన్న పేరు మా అన్నది. ఒళ్లు నాది. బాయిల ముప్పై ఆరేండ్లు దిగిన మోకాళ్లు నావి. నా పేరు ఎల్లేశం. నౌకరి ఇస్తరో ఇయ్యరో మీ ఇష్టం. నా కొడుక్కు నేను తండ్రినని మాత్రం రాయుండ్రి."

శ్యామల డాక్టరు కాగితాన్నీ, బాసర ఫోటోనూ బల్ల మీద పెట్టింది. అధికారి కాగితం చదివాడు. గాజుల ఎల్లేశం, కుడి ముంజేతి మీద పుట్టుమచ్చ. పుస్తకంలో చదివాడు. గాజుల రాయమల్లు, కుడి ముంజేతి మీద పుట్టుమచ్చ. ఫోటో తీసుకుని కళ్లజోడు సవరించుకున్నాడు. చుక్క మీద వేలు పెట్టాడు. ఈ పిల్లగాడెవరని అడిగాడు. నేనే సార్ అన్నాడు సంపత్. ఫోటో వెనక స్టూడియో ముద్ర, తేదీ ఉన్నాయి. ఎల్లేశం అనే పేరుకూ, ఆ మచ్చకూ, ఆ కొడుకుకూ సంబంధం చెప్పే కాగితం ఆ ఫైల్లో అప్పటిదాకా ఒక్కటి కూడా లేదు. మచ్చ చేతి మీద ఉన్నన్నాళ్లూ అది రాయమల్లుదిగానే ఉండేది. తీశాకే అది ఎల్లేశందని ఎవరో ఒకరు రాసి సంతకం పెట్టారు.

అధికారి ఆ రెండింటికీ నకళ్లు తీయించి ఫైల్లో పెట్టాడు. తన చేతిలో ఏమీ లేదని, పైకి పంపుతానని, ఎన్నాళ్లు పడుతుందో చెప్పలేనని అన్నాడు. సరే సారూ అని ఎల్లేశం లేచాడు. బయటికొచ్చాక చౌరస్తాలో వేడి జిలేబీ కనబడితే అరకిలో కట్టించాడు.

ఆ తర్వాతి ఆదివారం నుంచి ఆ ఇంట్లో ఒక కొత్త అలవాటు మొదలైంది. నెలకోసారి, తలంట్లు అయ్యాక, వరండా వెలుతురులో అందరూ వరసగా కూర్చోవాలి. పక్కన రూపాయి బిళ్ల పెట్టి ప్రతి మచ్చకూ ఫోన్లో ఫోటో తీయాలి. వచ్చే నెల దానితో పోల్చి చూడాలి. శ్యామల పెట్టిన నియమం అది. తన ఒంటి మీద ఒక్క మచ్చ కూడా లేదని సత్తవ్వ గొడవ చేస్తే, అరికాలి మీద ఒకటి కనిపెట్టి ఆమె నోరు మూయించింది. ఇన్నేండ్లు దీన్ని తొక్కుకుంట తిరిగిననా అని సత్తవ్వ తన కాలిని తానే తిప్పి తిప్పి చూసుకుంది.

చివరగా ఎల్లేశం వంతు. వీపు మీదివాటికి ఫోటోలు తీశాక సంపత్ తండ్రి కుడిచేతిని తన చేతిలోకి తీసుకున్నాడు. మచ్చ లేదు, గీత ఉంది. దానికీ ఫోటో తీశాడు. ఫోన్లో ఆ ఫోటో కింద పేరు రాయాలి. అతను రాస్తుంటే తండ్రి భుజం మీదుగా తొంగిచూశాడు. ఒక్కో అక్షరం పడుతుంటే పెదవులు కదిలాయి. ఎ, ల్లే, శం.

"సున్నా సరిగ్గ పెట్టినవారా?" అన్నాడు.

"పెట్టిన బాపూ. నువ్వు దిద్దిచ్చిందే గదా."

ఎల్లేశం నవ్వబోయి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. తర్వాత గొంతు సవరించుకుని, మరి కోడలి మెడ మీది మచ్చకు ఫోటో తీసినవా అని కొడుకును నిలదీశాడు. అది నేను రోజూ చూస్తున్న బాపూ, దానికి ఫోటో అక్కర్లేదు అన్నాడు సంపత్. సత్తవ్వ సిగ్గులేనోడా అని కొంగుతో వాణ్ని కొట్టింది. శ్యామల ముఖం దాచుకోవడానికి వంటింట్లోకి పరుగెత్తి, పెళ్లయి ఎన్ని రోజులైందో మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టుకుంది.